ఏడో గ్రీన్‌లో నాట్లు

ఆ మంగళవారం ఉదయం పుంగనూరులో ఇల్లు కదిలేటప్పటికి కుప్పుస్వామి చేతిలో ఉన్న సరుకు ఇది: చీపుర్లు యాభై, పద్నాలుగు మందికి చెల్లే గేటు పాసు ఒకటి, భార్య ఒకతె, ఆవిడకు పెళ్ళినాడు ఇచ్చిన మాట ఒకటి. చీపుర్లు మొన్న దిగిన సరుకు. పాసు నిన్న వచ్చింది. మాట వయసు మాత్రం నలభై ఒక్క ఏళ్ళు. ఏ సరుకైనా అంతకాలం మూలన పడి ఉంటే పురుగు పట్టాలి. గోవిందమ్మ ఎక్కడ, ఎలా దాచిందో గానీ దానికి చిన్న రంధ్రమైనా పడలేదు.

కుప్పుస్వామిది చీపుర్లు, తట్టలు, మోకులు అమ్మే టోకు అంగడి. చేతిలోకి తీసుకుని బరువు చూడనిదే దేన్నీ నమ్మని మనిషి. పెళ్ళిచూపుల్లో కూడా పిల్లను చూసే ముందు వాళ్ళ ఇంటి చీపురు చూశాడని పుంగనూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ చీపురు బాగుంది. పిల్ల అంతకంటే బాగుంది. బేరం ఖాయమైంది.

గోవిందమ్మ తండ్రి గంగులప్ప తోటమాలి. పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో తేనెగుట్ట మీద దొరల కాలం నాటి గోల్ఫ్ మైదానం ఉంది. అందులో తొమ్మిది గుంతలు. ఒక్కో గుంత చుట్టూ తివాచీలా కత్తిరించిన గుండ్రని పచ్చిక ఉంటుంది. దాన్ని గ్రీన్ అంటారు. ఏడో గ్రీన్ గంగులప్ప చేతి పని. కణుపు కణుపూ తెచ్చి గరిక నాటాడు, ముప్ఫై ఏళ్ళు సాకాడు. గోవిందమ్మ తప్పటడుగులు వేసింది ఆ గరిక మీదే. అందుకే పెళ్ళినాడు, "నాకు నగ వద్దు, పట్టుచీర వద్దు. ఎప్పుడన్నా ఒగసారి ఏడో గ్రీన్ కాడికి తోడుకోని పో, చాలు" అంది.

"అదెంత పని!" అన్నాడు కుప్పుస్వామి.

అంత చిన్న పని కాబట్టే అది ఎప్పటికప్పుడు వెనక్కి జరిగింది. ముందు అంగడి నిలబడాలి, తర్వాత మిద్దె కట్టాలి, తర్వాత మోకుల సీజను. ఈలోగా గంగులప్ప పోయాడు, మైదానం రిసార్టు అయింది, రిసార్టుకు గేటు పడింది. సభ్యులకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. భార్యాభర్తలు రెండుసార్లు ఆ గేటు దాకా వెళ్ళి, గేటును బాగా చూసి, తిరిగి వచ్చారు. రెండోసారి గోవిందమ్మ, "గేటు బాగుండాది" అంది. ఆ మాట కుప్పుస్వామికి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

సోమవారం నాడు రిసార్టు మేనేజరు నతానియేలు తానే అంగడికి వచ్చాడు. మదనపల్లె మనిషి, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. గురువారం నుంచి తేనెగుట్ట మీద ఆడవాళ్ళ ప్రొఫెషనల్ టోర్నమెంటు జరగబోతోంది. తెల్లారి గ్రీన్‌ల మీద మంచు ఊడ్చడానికి ఆయనకు చీపుర్లు కావాలి.

"యాభై పంపండప్పా. పట్టి సూసి, బాగుంటే తీసుకుంటా" అని, ఓ నిట్టూర్పు విడిచాడు. "అన్ని గ్రీన్‌లూ తయారైనాయి. ఆ ఏడోది ఒగటే మాట వినడం లేదు. పైదేశం నుంచి తెచ్చిన గడ్డి పరిస్తే, మధ్యలో కలుపు పుట్టుకొస్తాండాది. రేపు సాయంత్రం రిఫరీ వచ్చి కొలుస్తాది. టోర్నమెంటు అయినాక దాన్ని తవ్వేసి ఈతకొలను కట్టాలంటాండారు మా పైవాళ్ళు."

చీపుర్ల కట్టకు తాడు బిగిస్తున్న కుప్పుస్వామి చేయి ఆగింది. "తవ్వేస్తారా?"

"తవ్వేస్తారు. ముందు ఈ నాలుగు రోజులు గట్టెక్కల్ల గదా! కలుపు తీసే మనుషులే దొరకడం లేదు."

"మనుషుల్ని నేను తెస్తా సార్. పెద్దపంజాణి నుంచి పన్నెండు మంది ఆడోళ్ళు. పాసు మాత్రం పద్నాలుగు మందికి రాయండి."

"ఇంకిద్దరు యాలప్పా?"

"మేస్త్రీ ఒగడు సార్. మేస్త్రీకి మేస్త్రీ ఒగతె."

అదీ ఆ పాసు కథ. గోవిందమ్మకు మాత్రం ఎక్కడికో చెప్పలేదు. ట్రాలీ ఆటోలో ముందు ఆమె కూర్చుంది, వెనక చీపుర్ల మధ్య పెద్దపంజాణి మునీశ్వరి, ఆమె ముఠా. మునీశ్వరి శెనక్కాయ చేలో కలుపు తీయడంలో ఆ చుట్టుపక్కల పేరు మోసిన మనిషి. బండి మదనపల్లె రోడ్డు వదిలి గుట్ట మలుపు తిరగగానే గోవిందమ్మ సీటు అంచుకు జరిగి కూర్చుంది. గేటు తెరుచుకోగానే వంగి చెప్పులు విప్పి ఒడిలో పెట్టుకుంది. కుప్పుస్వామి అటు చూడకుండా రోడ్డు మీదే చూపు పెట్టి బండి తోలాడు. నలభై ఒక్క ఏళ్ళ ఆలస్యానికి మొహం చూపించే ధైర్యం అంత తొందరగా రాదు.

ఏడో గ్రీన్ అంచు దాకా గోవిందమ్మ ఒట్టి కాళ్ళతోనే నడిచింది. తర్వాత మెల్లగా కూర్చుని అరచేతితో నేల తడిమింది. తడిమిన చేయి మధ్యలో ఆగింది.

"ఏమయ్యా, ఇదేం గడ్డి? దారంపోగు మాదిరి ఉండాది. మా నాయిన గరికను ఊపిరాడనీకుండా తొక్కి పెట్టేసింది సూడు."

కొడవలి తీసి దిగబోతున్న మునీశ్వరి అడిగింది: "అమ్మా, గరికే గదా కలుపు? మా చేన్లో మొట్టమొదట దాన్నే పీకుతాము."

"మీ శెనక్కాయ చేన్లో అది కలుపే. ఈడ అదే పైరు. మా నాయిన దీనికి చన్నీళ్ళు ఎక్కువైతాయని ఎండ వచ్చినాక నీళ్ళు పోస్తాండె. ఈ దారంగడ్డి యాడి నుంచో వచ్చి దూరింది. దీన్ని వేరుతో సహా తీసేయండి."

పన్నెండు మందీ కుప్పుస్వామి వైపు చూశారు. కొనేవాడిని అడక్కుండా సరుకు కోయకూడదన్నది ఆయన వ్యాపారంలో మొదటి సూత్రం. ఆ సంగతి నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా గోవిందమ్మ మొహం ఉంది. అందులో పదిహేడేళ్ళ పిల్ల ఒకతె తొంగి చూస్తోంది.

"ఆమె చెప్పినట్టే కానీండి" అన్నాడు.

మునీశ్వరి ముఠా పనితనానికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. రెండు గంటలు తిరిగేసరికి దారంగడ్డి మొత్తం వేళ్ళతో సహా పైకి వచ్చి, పిడికెడు పిడికెడు కట్టలుగా గట్టున వరసకట్టింది. గ్రీన్ మీద అక్కడక్కడా గరిక, మిగతా అంతా ఎర్రమట్టి. గోవిందమ్మ తృప్తిగా చూసి, "నేను పుట్టిన ఇల్లు ఉండాదో లేదో సూసొస్తా" అని పాత లైన్ల వైపు వెళ్ళింది. దొరల కాలంలో పనివాళ్ళు ఉన్న ఇళ్ళ వరస అది.

ఆమె అటు వెళ్ళగానే నతానియేలు బ్యాటరీ బండి ఇటు వచ్చింది. బండి ఆగకముందే ఆయన దిగాడు. గట్టున ఉన్న కట్టల్ని చూశాడు. ఎర్రమట్టిని చూశాడు. మళ్ళీ కట్టల్ని చూశాడు.

"ప్రభువా!" అన్నాడు. "ప్రభువా! ఎవరు సెప్పినారు ఇది పీకమని?"

మునీశ్వరి నోరు తెరిచేలోపే కుప్పుస్వామి ముందుకు వచ్చాడు. "నేనే సెప్పినా సార్."

"అది విమానంలో వచ్చిన గడ్డప్పా! ఐసుపెట్టెలో పెట్టుకోని, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చినాము. మీరు పీకింది గడ్డి, వదిలింది కలుపు!"

"వినాయకునికి పెట్టేది కలుపెట్లా అవుతాది సార్?"

"నాకు వినాయకుడు యాలప్పా, నాలుగింటికి రిఫరీ వస్తాది!" నతానియేలు ఫోను మోగింది. గేటు దగ్గర టీవీ వాళ్ళ లారీ ఇరుక్కుంది. ఆయన బండి ఎక్కుతూ అరిచాడు: "పెట్టండి! పీకిందంతా మళ్ళా పెట్టేయండి! నేనొచ్చేసరికి ఆ గడ్డి ఆ నేలలో ఉండల్ల!"

పోయిన సరుకు గురించి ఏడ్చే అలవాటు కుప్పుస్వామికి లేదు. మునీశ్వరిని పిలిచాడు. "మళ్ళా నాటల్లంట."

"నాటేదానికేమన్నా? మేము నడుము వంచిందే నాట్లేసేదానికి" అంది మునీశ్వరి. మట్టిని బొటనవేలితో గీకి చూసింది. "అయితే ఈ ఎండునేలలో నాటు నిలవదు. నీళ్ళు కట్టల్ల, బురదయ్యేలా తొక్కి దమ్ము సేయల్ల."

"దమ్ము సేయల్లా?"

"మోకాటి లోతు వద్దులే, మడమ లోతు చాలు."

పనివాడి పనికి అడ్డం రాకూడదన్నది కుప్పుస్వామి వ్యాపారంలో రెండో సూత్రం. మొదటిది అప్పటికే తప్పాడు కాబట్టి రెండోదైనా నిలబెట్టుకోవాలనుకున్నాడు. వెతికి పైపు వాల్వు తిప్పాడు. ఆ నీళ్ళు తొమ్మిది గ్రీన్‌లకు సరిపోయేవి. అన్నీ ఏడోదానికే వచ్చాయి.

ఆడవాళ్ళు చీరలు ఎగదోపి దిగారు. గుండ్రంగా గట్టు వేశారు. నలుగురు తొక్కారు, నలుగురు చదును చేశారు, నలుగురు కట్టలు విసిరారు. నడిమధ్య జెండా కర్ర కదలకుండా నిలబడింది. దానికింద గుంత నీళ్ళతో నిండి చిన్న బావిలా తయారైంది. తర్వాత పన్నెండు మందీ వరసగా వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ, పాట ఎత్తుకున్నారు. జానెడుకొక మొక్క, తాడు పట్టినట్టు వరస. అరగంటలో నాటు పూర్తయింది. ఎక్కడో ఒక కప్ప అరిచింది. ఎవరు కబురు పెట్టారో గానీ ఏడు కొంగలు వచ్చి దిగాయి.

పచ్చిక కోసే యంత్రం నడిపే నరేంద్ర అటుగా పోతూ ఆగాడు. యంత్రం ఆపి, టోపీ తీసి, కాసేపు చూశాడు.

"ఏం పైరన్నా?"

"టోర్నమెంటు" అన్నాడు కుప్పుస్వామి.

అప్పుడే గట్టు తెగింది. ఎర్రనీళ్ళు ఎనిమిదో గుంతకు పోయే సిమెంటు బాట మీదకు పారాయి. నమూనాకు తెచ్చిన యాభై చీపుర్లూ విప్పక తప్పలేదు. అవి చాలవని రిసార్టు షెడ్డులో ఉన్నవి కూడా తెచ్చుకుని అందరూ బురద ఊడ్చడం మొదలుపెట్టారు. ఆ ఊడ్చే సమయంలోనే, నాలుగింటికి రావాల్సిన రిఫరీ రెండింటికే వచ్చింది.

రిఫరీ పేరు మాలతి. నవ్వి ఎన్నాళ్ళయిందో తెలియని మనిషి. చేతిలో పచ్చిక ఎత్తు కొలిచే స్కేలు ఉంది. ఆమె వెంట రేష్మ అనే క్రీడాకారిణి, ప్రాక్టీసు కోసం ముందుగా వచ్చిన అమ్మాయి. వాళ్ళ వెనక నతానియేలు. మాలతి గట్టు దాకా వచ్చి నిలబడింది. వరసలు చూసింది, జెండా చూసింది, జెండా పక్కన ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను చూసింది.

"ఇందులో ఆడాలా, కోయాలా?" అని అడిగింది.

నతానియేలు బురదగట్టు మీద కూలబడ్డాడు. "నాలుగు నెలల ఉద్యోగం" అన్నాడు ఎవరితోనూ కాకుండా. "ఏడు లేకుండా తొమ్మిది ఎట్లా అవుతాయి ప్రభువా?"

"రేపు ఉదయానికి తొమ్మిది గ్రీన్‌లు చూపించకపోతే టోర్నమెంటు ఇక్కడ ఉండదు" అంది మాలతి.

ఆ మాటలేవీ కుప్పుస్వామి చెవికి ఎక్కడం లేదు. ఆయన చూపు పాత లైన్ల వైపు ఉంది. గోవిందమ్మ వస్తోంది. ఆయన మనసులో లెక్క తనంతట తానే నడిచిపోతోంది. నలభై ఒక్క ఏళ్ళు చూపించకుండా ఉంచాడు. ఈరోజు చూపించాడు. చూపించిన మూడు గంటల్లో మడి చేసి పెట్టాడు. దారంగడ్డి మాట అటుంచి, పన్నెండు జతల కాళ్ళ కింద గంగులప్ప గరిక కూడా బురదలో కలిసిపోయింది. ఈతకొలను కట్టేవాళ్ళైనా నాలుగు రోజులు ఆగేవాళ్ళు.

గోవిందమ్మ వచ్చి నిలబడింది. కుప్పుస్వామి చేతిలో చీపురు పట్టుకుని, అంగట్లో మొదటిరోజు పనికి చేరినవాడిలా తల వంచుకున్నాడు.

"గోవిందా, తప్పై పోయింది. మీ నాయిన గరికంతా తొక్కేసినాము."

ఆమె మడిని చూసింది. మొగుడి మోకాళ్ళ దాకా ఉన్న బురదను చూసింది. కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడు. కాదు, నవ్వు.

"వరస బాగా వేసినారే!" అంది. "యాల ఏడ్చే మొహం పెడతావయ్యా? ఇది కూతురు. తల్లి ఆడుండాది."

"యాడ?"

"మా ఇంటి ఎనక. నాట్లేసినారు గదా, నారుమడి లేకుండా నాటు యాడి నుంచి వస్తాది?"

అందరూ ఆమె వెంట నడిచారు. మాలతి కూడా నడిచింది, స్కేలు పట్టుకునే. ఏడో గ్రీన్‌కు మూడు వందల అడుగుల దూరంలో, కూలిన గోడల వెనక, నాలుగు కానుగ చెట్ల మధ్య గుండ్రంగా గరిక. నున్నగా, ఒత్తుగా, కుట్టు కనపడని కంబళిలా ఉంది. ఏ గ్రీన్‌లో పచ్చిక చచ్చినా గంగులప్ప ఇక్కడి నుంచి ముక్క కోసి అతుకు వేసేవాడు. ఏడో గ్రీన్ పుట్టింది ఇందులోంచే.

"దీన్ని ఎవరు కోస్తాండారు?" అని అడిగాడు నతానియేలు.

"నేనే సార్, వారం వారం" అన్నాడు నరేంద్ర, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"ఎవరు సెప్పినారు?"

"ఎవరూ సెప్పలేదు సార్. నాకు ముందున్నోడు కోస్తాండె. వానికి ముందున్నోడూ కోస్తాండెనంట. యాలని నేను అడగలేదు. కోయకపోతే బాగుండదేమోనని కోస్తాండా."

గోవిందమ్మ నరేంద్ర దగ్గరకు వచ్చింది. చేతిసంచిలోంచి తన భర్త కోసం తెచ్చిన బొరుగుల ఉండ తీసి అతని చేతిలో పెట్టింది.

రేష్మ బూట్లు విప్పి గరిక మీదకు వచ్చింది. బంతి వదిలి మెల్లగా తట్టింది. బంతి ఎక్కడా తడబడకుండా, గీత గీసినట్టు వెళ్ళి, అడిగిన చోట ఆగింది. ఇంకోటి కొట్టింది. అదీ అంతే.

"పెద్దమ్మా, నేను దేశాలు తిరిగినా. ఇంత నిజాయితీ గల నేల సూడలేదు" అంది నవ్వుతూ. "మాది కుప్పం. మా అవ్వ కూడా నాట్లేసే మనిషే. ఇందాక ఆ వరస సూసినప్పుడే అనుకున్నా, ఇది తెలిసినోళ్ళ పనే అని."

మాలతి మోకాళ్ళ మీద వంగి స్కేలు పెట్టింది. ఒకచోట, ఇంకోచోట, పది చోట్ల. లేచి దుమ్ము దులుపుకుంది.

"చదును చేసి, గుంత కోసి, జెండా మార్చండి. ఉదయం ఆరింటికి చూస్తాను" అంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆ కొంగలు ఇటు రాకుండా చూడండి."

గోడ పక్కన గంగులప్ప రాతిరోలరు మట్టిలో సగం పూడి ఉంది. దాన్ని తవ్వి, కుప్పుస్వామి అంగడి మోకులు కట్టి, పన్నెండు మందీ లాగారు. కుప్పుస్వామి కూడా లాగాడు. గోవిందమ్మ ముందు నడుస్తూ, "ఇట్లా కాదు, అడ్డం. మా నాయిన మొదట అడ్డం, తర్వాత నిలువు" అని చెబుతూ పోయింది. ఎండ తగ్గేవేళకు నతానియేలుకు ప్రాణం లేచి వచ్చింది. ఫోనులో పైవాళ్ళతో ఆయన మాట్లాడటం అందరికీ వినిపించింది: "అవును సార్, నూటపదేళ్ళ చరిత్ర ఉన్న మైదానం గదా, పాత నేల మీదే ఆడిస్తే బాగుంటాదని మొదటి నుంచీ మా ఆలోచన. ఇంక ఏడో గ్రీన్ ఎప్పటికీ ఇదే సార్."

కుప్పుస్వామి మెల్లగా అడిగాడు: "మరి ఈతకొలను యాడ కడతారు సార్?"

"అనుకున్న చోటే" అన్నాడు నతానియేలు. "నీళ్ళు నింపే పని మీరు ముందే సేసి పెట్టినారు గదప్పా."

గురువారం పొద్దున ఇద్దరికీ మళ్ళీ పాసు వచ్చింది, ఈసారి మేస్త్రీలని రాయలేదు. ఆట మొదలయ్యే ముందు కొత్త ఏడో గ్రీన్ మీద మంచు ఊడ్చింది గోవిందమ్మే. వేరే ఎవరినీ చీపురు ముట్టనివ్వలేదు. పక్కన పలక మీద సున్నంతో 'గంగులప్ప గ్రీన్' అని రాసి ఉంది. ఆమె అది రెండుసార్లు చదివి, "మా నాయిన పేరు ఇంత లావు అక్షరాల్లో ఎవరూ రాసిండలేదు" అంది. తాడుకు ఇవతల నిలబడి రేష్మ ఆట చూశారు. రేష్మ కొట్టిన బంతి దూరం నుంచి వచ్చి, గరిక మీద నింపాదిగా నడిచి, గుంతలో పడింది. జనం చప్పట్లు కొట్టారు. గోవిందమ్మ కొట్టలేదు. ఆమె ఒక చేతిలో చెప్పులున్నాయి, రెండో చేతిలో కుప్పుస్వామి చేయి ఉంది.

"ఇంత ఆలస్యమైందే అని కోపం లేదా?" అని అడిగాడు.

"ఉండాది. ఇంటికి పోయినాక సెప్తా" అంది, చేయి వదలకుండానే.

ఆ సాయంత్రం అంగట్లో కూర్చుని కుప్పుస్వామి లెక్క చూసుకున్నాడు. దిగిపోయిన బరువు: నలభై ఒక్క ఏళ్ళుగా మోస్తున్న మాట ఒకటి. వచ్చినవి: భార్య నవ్వు ఒకటి, మామగారి పేరున పలక ఒకటి, పగిలిన కుండలో గోవిందమ్మ నాటిన గరిక కణుపులు మూడు. బురద ఊడ్చిన చీపుర్లు కొననని నతానియేలు వెనక్కి పంపేశాడు. కుప్పుస్వామి వాటిని కడిగి, ఆరబెట్టి, ఎంచాడు. తీసుకెళ్ళినవి యాభై, తిరిగొచ్చినవి యాభై ఒకటి. ఆ సంగతి రిసార్టు వాళ్ళు అడిగినప్పుడు చూసుకోవచ్చు.